నీలం మిరపకాయల బొంత

ఇంకొల్లు,
9-6-2005.

మస్కట్‌లో ఉన్న మా మార్కు బావకి,

నీ మరదలు శాంతి వందనాలు చెప్పి రాసేది. ప్రభువు దయవల్ల నేను, మీ అమ్మ, మన అమ్మాయి సువార్త ముగ్గురం కులాసాగానే ఉన్నాం. నువ్వూ, నీ గదిలో వాళ్ళూ అట్టాగే ఉన్నారని తలుస్తాను. ఇక్కడే ఎండలు ఇట్టా మండుతుంటే, అక్కడ రోడ్ల మీద నిలబడి తెల్లగీతలు వేసే నీ సంగతి తలుచుకుంటే నాకు అన్నం సహించదు. నెత్తికి గుడ్డ కట్టుకో. కట్టుకుంటున్నాననే రాస్తావు గానీ, పోయినసారి పంపిన ఫోటోలో నీ నెత్తి మీద ఏమీ లేదు. చూశాను.

ఫోన్లో చెప్పకుండా అన్నీ ఉత్తరంలో రాస్తానంటావేంటి అని విసుక్కున్నావు. కరీమున్ ఎస్టీడీ బూత్‌లో నిలబడి మాట్లాడితే కదా తెలిసేది. నా వెనకాల నలుగురు వరసలో ఉంటారు. నేను ఒక ముక్క అంటే వాళ్ళు రెండు ముక్కలు అందుకుంటారు. ఆ మధ్య నీకు జలుబని నువ్వు నాకు చెప్పావు, నేను ఇంటికొచ్చేలోపే మీ అమ్మకి తెలిసిపోయింది. కాబట్టి ఉత్తరమే మేలు. తీరిగ్గా రాస్తా, తీరిగ్గా చదువు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అమ్మ కన్ను ఎట్టా ఉందన్నావు. ఒంగోలులో ఆపరేషన్ చేసిన కన్ను బ్రహ్మాండంగా ఉంది. అంత బ్రహ్మాండంగా ఎందుకు చేశారా అని నాకు దిగులుగా ఉంది. ఇదివరకు నా కుట్టు కాస్త పక్కకి పోయినా అత్తకి ఆనేది కాదు. ఇప్పుడు వసారాలో ఆ మూల మంచం మీద కూచునే చూసి, అదేం కుట్టే, ఎద్దు ఉచ్చ పోసినట్టు, అంటోంది. నిన్న సగం బొంత విప్పించి మళ్ళీ కుట్టించింది. నేను నాలుగు మాటలన్నాను. పేరుకే శాంతి అని ఆమె ఒక్క మాట అంది. మధ్యాహ్నానికి ఇద్దరం ఒకే గిన్నెలో మామిడికాయ పప్పు కలుపుకుని తిన్నాం. ఇదీ మీ అమ్మ కన్ను సంగతి.

సువార్త ఎనిమిదో తరగతికి వచ్చింది. లెక్కల్లో అత్తెసరు. నీ పోలికే. పుస్తకం అట్టల మీద, గోడల మీద, చివరికి బియ్యం డబ్బా మీద కూడా బొమ్మలు గీస్తోంది. అదీ నీ పోలికే. నా పోలిక ఏమన్నా ఉందా అని అడిగితే, ఉంది, నోరు, అంది.

బొంతల పని ఎట్టా ఉంది, చేతులు నొప్పి పుట్టడంలేదా అన్నావు. నువ్వు వెళ్ళేనాటికి అత్త వీధిలోవాళ్ళు తెచ్చిచ్చే పాత చీరలు మడతేసి బొంతలు కుట్టిపెట్టేది కదా. ఇప్పుడు వసారా అంతా బొంతలే. గౌస్ బాషా దూది ఏకి తెచ్చిస్తాడు. నేను మిషను మీద అంచులు వేస్తాను, అత్త దబ్బనం పట్టుకుని లోపలి కుట్లు వేస్తుంది. పక్క వీధి నించి ఇద్దరాడవాళ్ళు కూడా పనికొస్తున్నారు. అందరం కూచుని ఊళ్ళోవాళ్ళందర్నీ నాలుగు తిట్టుకుంటూ కుడుతుంటే చేతుల నొప్పి తెలియదు బావా. నిజం చెప్తున్నా, నాకు ఈ పని బాగుంది. పొద్దున్నే లేవగానే ఇవాళ ఏ రంగు దేనికి కలపాలా అని ఆలోచన వస్తుంది. ఇదివరకు పొద్దున్నే లేవగానే ఏ ఆలోచనా వచ్చేది కాదు.

ఇంక ఆ ఫోటో. సువార్తకి బడిలో బహుమతి ఇచ్చినప్పుడు తీసిన ఫోటోలో నా గోళ్ళు నీలంగా ఉన్నాయేంటి, తలుపు సందులో వేళ్ళు నలిగాయా అని అడిగావు. నలగలేదు. సముద్రం అవతల నించి ఫోటోలో నా గోళ్ళు చూసినవాడివి, ఇంట్లో ఉన్నప్పుడు కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడినా చూసేవాడివి కాదు. సంతోషమే. ఆ గోళ్ళ సంగతి తర్వాత చెప్తా.

ఇన్ని అడిగి, అన్నిటికంటే కింద, చోటు చాలనట్టు చిన్న అక్షరాలతో అసలు సంగతి రాశావు. కంపెనీవాళ్ళు ఇంకో రెండేళ్ళకి కాగితం ఇచ్చారు, జూలై లోపల సంతకం పెట్టాలి, ఏం చెయ్యమంటావు అని. ఆ ముక్క చదవగానే మీ అమ్మ దబ్బనం పక్కన పెట్టేసి మళ్ళీ తుమ్ము సంగతి ఎత్తింది. నువ్వు సూట్‌కేసు పట్టుకుని గడప దాటబోతుంటే ఆమె ఒంటితుమ్ము తుమ్మింది గదా. ఇది మిరపకాయల తుమ్ములేమ్మా అని నవ్వి వెళ్ళిపోయావు. ఆ రోజు వాణ్ణి ఆపి, కాసేపు కూచోబెట్టి, మంచినీళ్ళు తాగించి పంపాల్సింది, నా నోటికి ఆ పూట ఏమైంది అని ఇప్పటికీ అంటది. మనం శకునాలు నమ్మకూడదు అత్తా, పాస్టరుగారు వింటే ఊరుకోరు అంటే, పాస్టరుగారు కన్నాడా వాణ్ణి అంటది.

నువ్వు అడిగిన దానికి జవాబు రాస్తాను. కానీ దానికంటే ముందు నేను చేసిన పని ఒకటి నీకు చెప్పాలి. మూణ్ణెల్లుగా చెప్పకుండా దాచాను. నిలబడి ఉంటే కూచో.

అటక మీద నువ్వు పెట్టిన ఫ్రేములు కిందికి దించాను బావా.

రాసేశాను. ఇప్పుడు నీ మొహం ఎట్టా ఉంటుందో నాకు తెలుసు. ఆ రోజు నువ్వు వాటిని అటకెక్కించినప్పటి మొహమే. సెంటర్లో మార్క్ ఆర్ట్స్ అంటే తెలియనివాళ్ళు లేరు, బోర్డు రాయాలన్నా, శుభలేఖలు వెయ్యాలన్నా నువ్వే. ఊళ్ళోకి ఫ్లెక్సీలు వచ్చాయి. వచ్చినా నువ్వు పంతం వదల్లేదు. ఆ పెద్దమనిషి కూతురి పెళ్ళికి స్వాగతం బోర్డు రాత్రింబవళ్ళు కూచుని రాశావు, నెమళ్ళు, కలశాలు, అన్నీ చేత్తో. పెళ్ళిరోజు పొద్దున మనం వెళ్ళి చూస్తే, కర్రలు గట్టిగా ఉన్నాయని నీ బోర్డు మీదే ఫ్లెక్సీ కట్టారు. నీ నెమలి తోక ఒక్కటే పక్కకి కనపడుతోంది. ఇంటికొచ్చి, కుంచెలు, స్క్రీన్ ప్రింటింగ్ ఫ్రేములు, వాటి మీద రంగు లాగే ఆ రబ్బరు చెక్కలు, అన్నీ అటకెక్కించి, వీటి మీద ఎవరు చెయ్యి వేసినా నా మీద ఒట్టే అన్నావు. ఆ తర్వాతే మస్కట్ మాట వచ్చింది. అందరూ నువ్వు సంపాదనకి వెళ్ళావనుకున్నారు. నువ్వు ఆ బోర్డు చూసి వెళ్ళావని నాకు, అత్తకి తప్ప ఎవరికీ తెలియదు.

ఎందుకు దించావంటావా? పాత చీరల బొంతలు మన ఊళ్ళవాళ్ళు కుట్టించుకుంటారు గానీ బయటివాళ్ళు కొనరు. చీరాలలో తెల్లగుడ్డ తాను తెచ్చి కుడితే, ఆస్పత్రి దుప్పటిలాగా ఉంది అన్నారు. దాని మీద ఏదన్నా బొమ్మ ఉంటే బాగుండు అనుకుంటూ పైకి చూశాను. అటక మీద ఫ్రేములు. వారం రోజులు పైకి చూడ్డం, తల దించుకోవడం. నువ్వేమో పరాయి దేశంలో ఉన్నావు, నీ మీద ఒట్టు. నాకు చెయ్యి ఎట్టా వస్తుంది? చివరికి అత్తకే చెప్పేశాను. ఆమె దారం పంటితో తెంపి అంది:

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. వాడి మీద ఒట్టు వెయ్యడానికి వాడెవడే? కన్నది నేను. నేను చెప్తున్నా, ఎక్కు."

ప్రార్థన చేసుకుని నిచ్చెన ఎక్కాను. అయినా భయం పోలేదు. ఆ వారం నువ్వు ఫోను చేసి, కాస్త జలుబు చేసిందే అన్నావు చూడు, నేను బూత్‌లోనే ఏడ్చేశాను. జలుబుకి ఏడుస్తావేంటే పిచ్చిదానా అని నవ్వావు. నీకేం తెలుసు.

కొన్ని ఫ్రేముల జాలీ ఎలకలు కొట్టేశాయి. కొన్ని బాగానే ఉన్నాయి. శుభలేఖల మీద వేసే మామిడి పిందెల అంచు ఒకటి, పొగ త్రాగరాదు అని ఒకటి, ఇంకోటి ఆ మిరపకాయ. గుర్తొచ్చిందా? విత్తనాల కంపెనీవాళ్ళ సంచుల కోసమని బుల్లయ్యగారి చేలో గట్టు మీద రెండు పూటలు కూచుని గీశావు. తొడిమ పక్కకి ఒరిగి ఉంటుంది, కాయ కొస కాస్త పైకి లేస్తుంది. వాళ్ళు ఫోటో వేసుకుంటామని వద్దన్నారు. నువ్వు దాన్ని పాత లుంగీలో చుట్టి పెట్టావు. పారేసే వస్తువుని ఎవరూ లుంగీలో చుట్టరు బావా. అది చూసి నాకు సగం భయం పోయింది.

మన కొట్లో పెళ్ళిళ్ళ సీజన్లో నీకు అవతల ఫ్రేము పట్టుకునేదాన్ని కదా, చెయ్యి పని మర్చిపోలేదు. గుడ్డకి వేసే రంగు వేరే ఉంటుందని మాత్రం ఒక తాను పాడయ్యాక తెలిసింది. చీరాల వెళ్ళి అడిగితే ఆ రోజు కొట్లో నీలం ఒక్కటే ఉంది. బస్సు ఛార్జీ పెట్టుకుని వెళ్ళినదాన్ని, ఉత్త చేతుల్తో ఎట్టా వస్తాను? అదే తెచ్చాను. నీలం మిరపకాయలు వేశాను. అదీ నా గోళ్ళ సంగతి. ఎంత రుద్దినా పోదు.

బుల్లయ్యగారు మన వాకిట్లోంచి పోతూ ఆగి, కళ్ళజోడు సవరించుకుని మరీ చూశాడు. ఈ తెగులు మా చేలో ఎన్నడూ చూళ్ళేదే, దీనికి ఏ మందు కొట్టాలి శాంతమ్మా అన్నాడు. అత్తేమో, నీలం మిరపకాయ ఏ దేశంలో కాస్తదే అని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ముద్దుగా అనిపించింది. నీ గీతే కదా.

ఇక్కడ నేనొక ఘనకార్యం చేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉందని నువ్వనేలోగా నేనే అంటున్నా. రంగు వేసిన గుడ్డ మడత పడకుండా పరిచి, మంచి ఎండలో ఆరబెట్టాలి కదా. మన వాకిట్లో రెండు గుడ్డలు పరిస్తే కోడి తిరగడానికి కూడా చోటుండదు. బుల్లయ్యగారు అప్పుడే కాయలన్నీ బస్తాలకెత్తి గుంటూరు యార్డుకి పంపాడు. కల్లం ఖాళీగా ఉంది. నున్నటి నేల, నీడ లేదు, పట్టాలు కూడా ఇంకా పరిచే ఉన్నాయి. అడిగితే, పరుచుకోండమ్మా దానికేముంది అన్నాడు. తాన్లకి తాన్లు తడిగుడ్డలు తీసుకెళ్ళి, నెలరోజులు మిరపకాయలు ఎండిన పట్టాల మీద పరిచాను.

ఎవరికైనా తెలియదా అంటావు. ఎవరికి తెలియాలి? ఆ కాలంలో మన దగ్గర తుమ్మనివాడెవడు? కండక్టరు తుమ్ముతూనే టిక్కెట్టు కొడతాడు, పాస్టరుగారు తుమ్ముతూనే వాక్యం చెప్తారు. అందులోనూ మేం దూది పనిలో ఉన్నవాళ్ళం. గుడ్డ కుడుతుంటే తుమ్ములొచ్చాయి, దూదనుకున్నాం. కళ్ళ నీళ్ళొచ్చాయి, అత్త కన్ను ఇంకా పచ్చిగా ఉందేమో అనుకున్నాం. మన ముక్కులకి ఆ ఘాటు ఘాటే కాదు. శుభ్రంగా మడతపెట్టి, కట్ట కట్టి, అఖిల గారికి పంపేశాం.

అఖిల గారంటే హైదరాబాదులో చేతిపని బట్టల కొట్టు పెట్టిన ఆమె. గుంటూరులో ఎగ్జిబిషన్‌లో మా బొంతలు చూసి, బొమ్మలు వేసినవి ఉంటే పంపండి అని చెప్పి వెళ్ళింది. అంత దూరం నించి, ముక్కూ మొహం తెలియనామె అడగడం నాకు అదే మొదలు. కట్ట లారీకి వేసిన రోజు అత్త ఇంటిల్లిపాదికీ సేమ్యా పాయసం చేసింది.

నాలుగో రోజుకి కరీమున్ కొడుకొచ్చి ఫోనొచ్చిందని పిలిచాడు. అఖిల గారు. పాపం మెత్తగానే మాట్లాడింది.

"శాంతిగారూ, ఆ కట్ట విప్పిన దగ్గర్నించీ మా కొట్లో ఎవరూ నిలబడలేకపోతున్నారండీ. లోపల ఏం పెట్టి కుట్టారు?"

"దూదేనండీ."

"దూదికి పసిపిల్లాడి కళ్ళు మండుతాయాండీ?"

ఎవరో కొనుక్కుందామని వచ్చినామె తన చంకలో బిడ్డని ఆ బొంత మీద దించిందంట. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడంట. నీళ్ళతో కడిగితే తగ్గిందిలెండి, కంగారు పడకండి, కట్ట మాత్రం వెనక్కి పంపేస్తున్నా అంది. ఇంటికి ఎట్టా నడిచొచ్చానో తెలియదు.

కట్ట తిరిగొచ్చిన రోజు బుల్లయ్యగారు కూడా ఉన్నాడు. తాడు విప్పగానే ముందుకొంగి గట్టిగా పీల్చి, తుమ్మి, ఇది మా కాయేనమ్మా, నా కల్లంలో కాయకి తప్ప ఇంత ఘాటు రాదు, అని మురిసిపోయాడు. కన్నకొడుకు మెడల్ తెచ్చినట్టు మొహం. అప్పుడుగానీ మాకు అర్థం కాలేదు. అత్త ఆయన్ని అన్న మాటలు నేను ఇందులో రాయలేను. నేను మాత్రం లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. వద్దన్న పని చేశాను, ఒట్టు తప్పాను, దేవుడు నా కళ్ళల్లో కారం కొట్టాడు అనుకున్నాను. ఎవరి బిడ్డో నా వల్ల ఏడ్చాడన్నది మరీ బాధ. ఆ రోజే నీకు రాయాల్సింది. ఇంత చెడగొట్టి, ఏ మొహంతో రాయను?

తలుపు తీయించింది అత్తే. ఏడిస్తే కారం పోదు, ఉతికితే పోతది, రా అంది. కొన్ని బొంతలు విప్పి, దూది తీసేసి, గుడ్డలు కుంకుడుకాయ పులుసులో ఉతికాం. చేతులు భగభగా మండిపోయాయి. ఇద్దరం ఒకే గిన్నెలో పెరుగు పోసుకుని నాలుగు చేతులూ అందులో ముంచుకుని కూచున్నాం. సువార్త చూసి ఒకటే నవ్వు. కానీ బావా, ఎన్నిసార్లు పిండినా, బండకేసి బాదినా, నీ మిరపకాయ చెక్కుచెదరలేదు. నీలం ఒక్క చుక్క దిగలేదు. అది చూశాక ఏడుపు ఆగింది.

మిగతావి విప్పే ఓపిక లేక మూలన పడేస్తే, మా అన్న ఆదాం లారీ ఆపుకుని వచ్చాడు. తెలుసుగా, చీమకుర్తి రాళ్ళు తోలుతున్నాడు. వచ్చీరాగానే ఆ బొంతల మీదే కూలబడి, వరసబెట్టి తుమ్మి, సంగతి విని, ఇవి నాకియ్యి అన్నాడు. అక్కడ రేకుల షెడ్లలో ఎక్కడెక్కణ్ణించో వచ్చిన కూలీలు బండల మీద పడుకుంటున్నారంట. ముందే ఘాటు సంగతి చెప్పి ఇవ్వమన్నాను. రాతి పొడిలో బతికేవాళ్ళకి నీ కారం ఒక లెక్కా, అని తీసుకుపోయాడు. పసిపిల్లలున్న ఇంటికి ఇవ్వొద్దని అత్త ఒట్టు వేయించుకుంది. మన ఇంట్లో ఒట్లకి కొదవ లేదు.

పదిహేను రోజులకి మళ్ళీ వచ్చాడు. ఇంకా కావాలంటున్నారంట. ఆ బొంతలు పరిచిన షెడ్లలోంచి నల్లులు మూటాముల్లె సర్దుకుని పోయాయంట. ఘాటు ఏమాత్రం తగ్గకూడదని మరీ చెప్పి పంపారు. అట్టయితే మళ్ళీ కల్లాల్లో కాయలు ఎండేదాకా ఆగమను, అంది మీ అమ్మ, ఎన్నేళ్ళనించో అదే వ్యాపారమైనట్టు.

ఉతికిన గుడ్డతో మళ్ళీ కుట్టిన బొంత ఒకటి, తప్పయిందని చీటీ పెట్టి, అఖిల గారికి పంపాను. డబ్బులొద్దు, మీ కొట్లో పరుచుకోండి అని రాశాను. పోయిన శుక్రవారం ఫోను చేసింది. నేను తిట్లకి సిద్ధపడి వెళ్ళాను. ఆమె బొంత ఊసే ఎత్తలేదు.

"ఈ మిరపకాయ ఎవరు గీశారండీ?" అంది.

"మా ఆయనండీ" అన్నాను.

"తొడిమ ఒంపు చూస్తుంటే చెట్టు మీద ఉన్నట్టే ఉందండీ. ఇట్టాంటివి ఆయనతో ఇంకా గీయించండి. పత్తికాయ, పొగాకు, మీ వైపు ఏముంటే అవి. ఎన్ని కుడితే అన్ని నేను తీసుకుంటా."

"ఆయన ఊళ్ళో లేరండీ."

"ఎప్పుడొస్తారు?"

బావా, మిరపకాయ ఎవరు గీశారంటే టక్కున చెప్పాను. ఎప్పుడొస్తారంటే చెప్పలేకపోయాను. అవతల ఆమె ఫోను పట్టుకునే ఉంది. కరీమున్ నా మొహంలోకే చూస్తోంది. కనుక్కుని చెప్తానండీ అని పెట్టేశాను. ఆ కనుక్కోవడమే ఈ ఉత్తరం.

నేనే గీద్దామని పత్తికాయ గీసి చూశాను. ఉల్లిపాయ వచ్చింది. సువార్త గీసింది పత్తికాయలాగే ఉంది గానీ దాన్ని ఫ్రేము మీదికి ఎక్కించడం మా ఇద్దరికీ రాదు. నువ్వు వేసిపోయిన బొమ్మలే తిప్పి తిప్పి వేస్తున్నాం. మామిడి పిందెలు, మిరపకాయలు అయిపోతే పొగ త్రాగరాదు ఒక్కటే మిగులుతుంది. అది ఆదాం అన్న బొంత మీద వేసిచ్చాం. దాని మీదే పడుకుని బీడీ కాలుస్తున్నాడు.

ఇప్పుడు నువ్వు అడిగిన దానికి జవాబు. సంతకం పెట్టొద్దు. ఇంటికి రా.

నీ సంపాదన చేదని కాదు. అత్త కన్ను బాగుపడింది నువ్వు పంపిన దానితోనే, అది మర్చిపోయే దాన్ని కాదు. ఇక్కడ నీకు రాజభోగం ఉండదు. కానీ ముగ్గురం తింటున్నాం, నాలుగో కంచం పెట్టడం నాకు కష్టం కాదు. బొమ్మల కోసమే రమ్మంటున్నాను అనుకుంటావేమో, అదీ కాదు. అఖిల గారు ఫోను చెయ్యకపోయినా రమ్మనే రాసేదాన్ని, కాకపోతే రాయడానికి ఇంకో ఏడాది పట్టేది, నా పంతం నీకు తెలుసుగా. నువ్వు లేకుండా నాకు బాగాలేదు. పని బాగుంది, ఇల్లు బాగుంది, మీ అమ్మ నోరు కూడా బాగుంది. సాయంత్రం మిషను ఆపేశాక మాత్రం బాగుండదు. ఇంతకంటే రాయడం నాకు చాతకాదు.

నీ బోర్డు మీద ఫ్లెక్సీ కట్టినవాళ్ళు కట్టారు. ఆ ఫ్లెక్సీ రెండు వానలకి వెలిసి, ఇప్పుడు ఎవరి పాక మీదో కప్పి ఉంది, నేను చూశాను. నీ మిరపకాయ ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. ఫ్రేములన్నీ కడిగి గోడకి వరసగా ఆనించాను. అవి దించినందుకు నాలుగు తిట్టాలనుంటే కాగితం మీద వద్దు, ఎదురుగా నిలబడి తిట్టు. పడతాను. రెండు తిరిగి అంటాను కూడా.

ఈ కవర్లో చిన్న గుడ్డముక్క మడిచి పెట్టాను. ఉతక్కుండా దాచిన ముక్కలోంచి కత్తిరించాను, మధ్యలో నీ మిరపకాయ ఉంది. ఊరికే తెరవొద్దు. కంపెనీవాళ్ళు కాగితం ముందుపెట్టి పెన్ను ఇచ్చినప్పుడు తెరిచి, వాసన చూడు. కళ్ళకి దూరంగా పట్టుకో. ఒంటితుమ్ము వచ్చిందా, పెన్ను కింద పెట్టి, కాసేపు కూచుని, మంచినీళ్ళు తాగు. పోయినసారి గడప దగ్గర చెయ్యనిది ఇప్పుడన్నా చెయ్యి. తాగాక కూడా సంతకం పెట్టాలనిపిస్తే పెట్టుకో, నేను ఏమీ అనను.

ఇదంతా అత్తకి చదివి వినిపించాను. దబ్బనం ఆపకుండానే విని, మరి వాడికి రెండు తుమ్ములొస్తేనో అని అడిగింది. రెండు తుమ్ములు శుభం కదా అన్నాను.

"ఆ శుభమేదో ఇంటికి బయల్దేరేవాడికే అని రాయి" అంది. రాశాను.

ఇట్లు,
నీ ఒట్టు గట్టున పెట్టిన నీ మేనమామ కూతురు,
శాంతి